మోసం కేసులో శిక్ష ఎలా పడుతుంది? పోయిన సొమ్ము ఎలా వస్తుంది? రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పాతికేళ్లకు పైగా వ్యవసాయ శాఖ ఉద్యోగిగా తిరుగుతున్నాను. దోమపోటు గురించి, ఎరువు మోతాదు గురించి అడిగేవాళ్లతో పాటు మరో రకం సమస్యతో వచ్చేవాళ్లూ ఉంటారు. "జీడిపిక్కలు పట్టుకెళ్లాడు సార్, డబ్బులివ్వలేదు", "విత్తనం సగం కూడా మొలవలేదు", "నెలనెలా కట్టిన కంపెనీ తలుపులు మూసేసింది" అంటారు. ఆ వెంటనే అందరూ అడిగేది ఒక్కటే: "వాడికి ఎన్నేళ్లు పడుతుంది సార్?"

ఆ ప్రశ్నకు ఈ వ్యాసంలో జవాబు ఉంది. అయితే దాని వెనకాలే అడగాల్సిన రెండో ప్రశ్న ఉంది: "నా సొమ్ము నాకెలా వస్తుంది?" ఈ రెండూ ఒకటి కావు. నేరస్తుడు జైలుకు వెళ్లినంత మాత్రాన రైతు చేతికి డబ్బు రాదు. శిక్షకు ఒక దారి, సొమ్ముకు మరో దారి. రెండు దారులూ మొదటి రోజు నుంచే పట్టుకోవాలి.

ఏది మోసం, ఏది బాకీ?

డబ్బు ఎగ్గొట్టిన ప్రతివాడి మీదా మోసం కేసు నిలవదు. బేరం కుదిరిన రోజునే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉంటే అది మోసం. మంచి ఉద్దేశంతో కొని, తర్వాత నష్టపోయి ఇవ్వలేకపోతే అది బాకీ. దానికి సివిల్ కోర్టులో దావా వేయాలి. సుప్రీంకోర్టు ఈ మాటను చాలాసార్లు చెప్పింది.

మొదటి నుంచీ దురుద్దేశం ఉందని ఎలా తెలుస్తుంది? తప్పుడు పేరు, తప్పుడు చిరునామా చెప్పడం, లేని లైసెన్సు ఉందనడం, ఒకే వారంలో నాలుగైదు ఊళ్లలో అరువుకు సరుకు ఎత్తి ఫోన్ ఆపేయడం, ఖాతాలో డబ్బు లేదని తెలిసీ చెక్కు ఇవ్వడం వంటివి గుర్తులు. ఫిర్యాదులో ఇవన్నీ రాయాలి. "డబ్బులివ్వలేదు" అని ఒక్క ముక్క రాస్తే అది బాకీ తగాదాగానే కనిపిస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మీరు సరుకు అరువుకు అమ్మితే అది అమ్మకం. "నా తరఫున అమ్మి డబ్బు తెచ్చివ్వు" అని దళారీకి అప్పగిస్తే అది నమ్మకంతో అప్పగించడం. రెండో పద్ధతిలో అతను సొమ్ము వాడేసుకుంటే అది నమ్మకద్రోహం. దీనికి వేరే సెక్షన్, ఎక్కువ శిక్ష. అందుకే చీటీ మీద "అమ్మాను" అని ఉందా, "అమ్మిపెట్టడానికి ఇచ్చాను" అని ఉందా అన్నది ముఖ్యం.

చట్టంలో ఉన్న శిక్షలు

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది. మనం "ఫోర్ ట్వంటీ" అనే సెక్షన్ ఇప్పుడు 318లో ఉంది.

• మామూలు మోసం, 318(2): 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో ఇది ఏడాదే.
• మోసం చేసి సొమ్ము, సరుకు లేదా ఆస్తి చేజిక్కించుకోవడం, 318(4): 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా. ఇదే పాత 420.
• వేరే వ్యక్తిగా నటించి మోసం, 319: 5 ఏళ్ల వరకు.
• నమ్మకద్రోహం, 316(2): 5 ఏళ్ల వరకు.
• బ్యాంకరు, వర్తకుడు, దళారీ, ఏజెంటు, ప్రభుత్వ ఉద్యోగి తన హోదాలో చేసిన నమ్మకద్రోహం, 316(5): 10 ఏళ్ల వరకు లేదా యావజ్జీవం.
• మోసం కోసం దొంగ కాగితం సృష్టించడం, 336(3): 7 ఏళ్ల వరకు. ఆ కాగితం ఆస్తి హక్కు పత్రం వంటిదైతే 338 కింద 10 ఏళ్ల వరకు లేదా యావజ్జీవం.

ఇందులో "వరకు" అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోండి. 7 ఏళ్ల వరకు అంటే 7 ఏళ్లు పడతాయని కాదు. అంతకు మించి పడవని అర్థం.

ఎక్కువ శిక్ష ఎందుకు పడదు?

మోసం కేసుల్లో ఎక్కువ భాగం టెక్కలి, బొబ్బిలి వంటి పట్టణాల్లో ఉండే మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేట్ ముందుకు వెళతాయి. ఆ మేజిస్ట్రేట్ వేయగలిగిన గరిష్ఠ శిక్ష 3 ఏళ్ల జైలు, 50 వేల రూపాయల జరిమానా. అంతకంటే ఎక్కువ వేయాలనిపిస్తే కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. వారికి 7 ఏళ్ల వరకు వేసే అధికారం ఉంది.

అరెస్టు విషయంలోనూ ఇంతే. 7 ఏళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో, అవసరమని కారణాలు రాస్తే తప్ప పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. కాబట్టి నిందితుడు మర్నాడే బజార్లో కనిపిస్తే కేసు పోయిందని అనుకోకండి. కేసు నడుస్తూనే ఉంటుంది.

శిక్ష ఖరారు చేసేటప్పుడు న్యాయమూర్తులు సాధారణంగా చూసేవి ఇవి: పోయిన సొమ్ము ఎంత, ఎంతమంది నష్టపోయారు, వారి స్థోమత ఏమిటి, పథకం ప్రకారం చేశాడా, నమ్మకమైన హోదాను వాడుకున్నాడా, పాత కేసుల్లో శిక్ష పడిందా, సొమ్ము తిరిగి ఇచ్చాడా, వయసు, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితి. ఇంగ్లండులో వీటికి లెక్క కట్టిన మార్గదర్శకాలు ఉన్నాయి. నష్టం ఇంత ఉంటే శిక్ష ఇక్కడ మొదలవ్వాలి అని పట్టిక ఉంటుంది. మన దేశంలో అలాంటి పట్టిక లేదు. న్యాయమూర్తి విచక్షణే. అందుకే మీకు జరిగిన నష్టం కోర్టు రికార్డులోకి ఎక్కడం ముఖ్యం. ఆ డబ్బు పోవడం వల్ల పిల్ల చదువు ఆగిందా, పొలం తాకట్టు పడిందా, వడ్డీకి అప్పు తెచ్చారా అన్నది సాక్ష్యం చెప్పేటప్పుడు చెప్పండి.

మోసం వంటి ఆస్తి నేరాల్లో ఇంతకు ముందే శిక్ష పడినవాడు మళ్లీ అలాంటి నేరమే చేస్తే, న్యాయ సంహిత 13వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు లేదా యావజ్జీవం కూడా వేయవచ్చు. "అయిదు వేలే కదా, పోనీలే" అని మీరు వదిలేస్తే వాడి మీద పాత శిక్ష అంటూ ఉండదు. పక్క మండలంలో వాడు మళ్లీ కొత్తవాడే.

అప్పీళ్లతో పట్టే కాలాన్ని కూడా లెక్క వేసుకోవాలి. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కేసునే తీసుకోండి. 2009 జనవరిలో బయటపడిన ఆ లెక్కల మోసంలో ప్రత్యేక కోర్టు తీర్పు 2015 ఏప్రిల్ 9న వచ్చింది. ప్రధాన నిందితుడు రామలింగరాజుకు 7 ఏళ్ల జైలు, 5 కోట్ల రూపాయల జరిమానా పడ్డాయి. మర్నెలలోనే పై కోర్టు అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి బెయిలు ఇచ్చింది. దేశమంతా చూసిన కేసే అలా నడిచింది. కాబట్టి తీర్పు వచ్చాకే సొమ్ము సంగతి చూద్దాం అనుకుంటే ఆలస్యమవుతుంది.

డిపాజిట్ మోసాలు: అగ్రిగోల్డ్ నేర్పిన పాఠం

అగ్రిగోల్డ్ పేరు తెలియని ఊరు మన జిల్లాల్లో లేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా వంటి రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల ఖాతాల ద్వారా 6,380 కోట్ల రూపాయలు సేకరించిందని దర్యాప్తు సంస్థల లెక్క. స్థలం ఇస్తామని లేదా అధిక రాబడితో డబ్బు తిరిగి ఇస్తామని వాయిదాల్లో కట్టించుకున్నారు. 2015లో సీఐడీ దర్యాప్తు చేపట్టింది. 2016 ఫిబ్రవరిలో ఛైర్మన్ అరెస్టయ్యారు.

డబ్బు సంగతి ఏమైంది? డిపాజిటర్లు హైకోర్టుకు వెళ్లారు. ఆస్తులు జప్తు అయ్యాయి. వేలం ప్రయత్నాలు ఏళ్ల తరబడి సాగాయి. 2019 నవంబరులో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వమే రెండు విడతల్లో సుమారు 900 కోట్లు చెల్లించింది. ఆ డబ్బు అందుకోవడానికి బాండు లేదా రశీదు, తన పేరున బ్యాంకు ఖాతా వంటివి అవసరమయ్యాయి. బాండు పోగొట్టుకున్నవారు ఇబ్బంది పడ్డారు. కాబట్టి కంపెనీ మూతపడినా ఆ కాగితాలు పారేయకండి.

ఇలాంటి కేసులకు రెండు ప్రత్యేక చట్టాలు ఉన్నాయి. మొదటిది 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల రక్షణ చట్టం. ఇందులో శిక్ష 10 ఏళ్ల వరకు ఉంటుంది. ప్రభుత్వం నేరుగా సంస్థ ఆస్తులు జప్తు చేసి, ప్రత్యేక కోర్టు ద్వారా డిపాజిటర్లకు పంచవచ్చు. రెండోది 2019 నాటి కేంద్ర చట్టం. అనుమతి లేని డిపాజిట్ పథకాలనే ఇది నిషేధిస్తుంది. ఇందులో కనీస శిక్ష కూడా ఉంది. డిపాజిట్ తీసుకున్నందుకు 2 నుంచి 7 ఏళ్లు, దురుద్దేశంతో ఎగ్గొట్టినందుకు 3 నుంచి 10 ఏళ్లు. తెలిసి తెలిసి అబద్ధపు హామీలతో జనాన్ని చేర్పించినవారికీ కనీసం ఏడాది జైలు. కమీషన్ ఆశ చూపి మీ అబ్బాయినో అమ్మాయినో ఏజెంటుగా చేరమంటే ఈ మాట గుర్తుచేయండి.

విత్తనం, ఎరువు, పురుగుమందు

నా శాఖ విషయం కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. 1966 విత్తన చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల వరకే. రెండోసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ శిక్షకు ఎవరూ భయపడరు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిత్యావసర సరుకుల చట్టం కిందికి వస్తాయి. వాటిని ఉల్లంఘిస్తే 3 నెలల నుంచి 7 ఏళ్ల వరకు జైలు ఉంది. నాసి విత్తనాన్ని మంచి రకమని తెలిసీ అమ్మితే దాని మీద మోసం సెక్షన్ కూడా పెట్టవచ్చు.

అయితే ఈ శిక్షలేవీ మీ పంట నష్టాన్ని తీర్చవు. దానికి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ కమిషన్లు ఉన్నాయి. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. వకీలు తప్పనిసరి కాదు.

ఈ దారిని గట్టిపరిచింది మన రైతుల కేసే. జాతీయ విత్తన సంస్థ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు ఇచ్చింది. రైతు కూడా వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని చెప్పింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లేసిన రైతు పరీక్షకు నమూనా తెమ్మంటే ఎక్కడ తెస్తాడన్న సంగతినీ కోర్టు గుర్తించింది. ఆ కేసుల్లో రైతులకు అక్కరకొచ్చినవి బిల్లు, పొలం చూసిన అధికారి నివేదిక వంటి కాగితాలే.

అందుకే శ్రీకాకుళం సన్నాలు కొన్నా, హైబ్రిడ్ మొక్కజొన్న కొన్నా బిల్లు తీసుకోండి. బిల్లులో లాట్ నంబరు ఉండాలి. ఖాళీ సంచి, దానికున్న ట్యాగ్, వీలైతే గుప్పెడు విత్తనం పంట చేతికొచ్చేదాకా దాచండి. మొలక రాలేదని తెలిసిన రోజే రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా చెప్పండి. మండల వ్యవసాయ అధికారి వచ్చి పొలం చూసేదాకా దున్నేయకండి.

చెల్లని చెక్కు ఇస్తే

సరుకుకు చెక్కు తీసుకుని అది తిరిగి వస్తే, చెక్కుల చట్టం 138వ సెక్షన్ ఉంది. శిక్ష 2 ఏళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. విచారణ దశలోనే 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించమని కోర్టును అడగవచ్చు. కానీ గడువులు చాలా కచ్చితం:

• చెక్కు మీద ఉన్న తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి.
• తిరిగి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు పంపాలి.
• నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు.
• ఆ గడువు దాటిన నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

"వచ్చే వారం ఇస్తా" అన్న మాట నమ్మి ఈ రోజులు దాటబెట్టుకున్న రైతులను చాలామందిని చూశాను.

ఫోన్ మోసాలు

పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈ లింకు నొక్కండి అని వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు తెరవకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. తొలి గంటలోనే చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువ. వేరొకరిలా నటించి చేసిన ఆన్‌లైన్ మోసానికి ఐటీ చట్టం 66డి కింద 3 ఏళ్ల వరకు శిక్ష ఉంది. దొంగ దొరకడానికి ఏళ్లు పట్టినా, ఆపిన డబ్బు ముందే తిరిగి రావచ్చు.

క్రిమినల్ కేసులోనే సొమ్ము అడగవచ్చు

ఈ నాలుగు హక్కులు చాలామందికి తెలియవు.

1. జప్తు. నేరం ద్వారా సంపాదించిన ఆస్తిని జప్తు చేయమని దర్యాప్తు అధికారి ఎస్పీ అనుమతితో కోర్టును కోరవచ్చు. కోర్టు ఆదేశిస్తే కలెక్టరు ద్వారా నష్టపోయినవారికి దామాషా ప్రకారం పంచుతారు. కొత్త నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ ఇది. నిందితుడు ఎక్కడ స్థలం కొన్నాడో, ఎవరి పేరున పెట్టాడో మీకు తెలిస్తే ఫిర్యాదులోనే రాయండి.

2. పరిహారం. శిక్ష వేసేటప్పుడు జరిమానా నుంచి బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు 395వ సెక్షన్ ఇచ్చింది. కోర్టు ఆదేశించకపోతే జరిమానా ప్రభుత్వ ఖజానాకే పోతుంది. ప్రతి కేసులోనూ పరిహారం విషయం ఆలోచించి కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి తీర్పుకు ముందే ప్రభుత్వ న్యాయవాదిని కలిసి మీ నష్టం లెక్కను కాగితం మీద ఇవ్వండి.

3. అప్పీలు. శిక్ష తక్కువ పడిందని బాధితుడు అప్పీలు చేయలేడు. కానీ నిందితుడిని వదిలేసినా, చిన్న నేరానికే శిక్ష వేసినా, పరిహారం సరిపోకపోయినా అప్పీలు చేయవచ్చు. అంటే జైలు ఎన్నేళ్లన్నది మీ చేతిలో లేదు. పరిహారం కోసం పోరాడే హక్కు మీ చేతిలో ఉంది.

4. సమాచారం. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలపాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు.

రాజీ చేసుకునే ముందు

మోసం కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో చాలా కేసులు అలాగే ముగుస్తాయి. సొమ్ము చేతికొస్తే రాజీ తప్పు కాదు. కానీ రాజీ అయితే నిందితుడు నిర్దోషి అయినట్టే లెక్క. మళ్లీ అదే కేసు తెరవలేరు. అందుకే డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. తర్వాత తేదీ వేసిన చెక్కు చేతిలో పెట్టి సంతకం చేయమంటే ఒప్పుకోకండి. పెద్దల సమక్షంలో ఇస్తానన్న మాటకూ సంతకం పెట్టకండి.

కాటా చీటీ విలువ

కొన్నేళ్ల క్రితం మా మండలంలో ఏడుగురు రైతులు ఒకే దళారీకి మొక్కజొన్న ఇచ్చారు. డబ్బు రాలేదు. స్టేషన్‌లో కూర్చోబెడితే ఒకే ఒక్క రైతు లెక్కను అతను ఒప్పుకున్నాడు. ఆయన దగ్గర కాటా చీటీ ఉంది. దాని మీద బస్తాల సంఖ్య, తూకం, ధర, తేదీ, దళారీ సంతకం ఉన్నాయి. మిగిలిన ఆరుగురూ నిజమే చెప్పారు. కానీ వాళ్ల దగ్గర ఉన్నది మాట ఒక్కటే. "తెలిసినోడే కదా సార్, చీటీ అడిగితే బాగోదని ఊరుకున్నాం" అన్నారు. ఆ ఆరుగురి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. చీటీ అడగడం అనుమానించడం కాదు. అది మీ కష్టానికి మీరిచ్చే మర్యాద.

రైతులు పాటించాల్సినవి

• 80 కిలోల పిక్కల బస్తా అయినా, ధాన్యం లోడు అయినా కళ్లం దాటే ముందే చీటీ రాయించండి. వీలైతే తూకం వేసేటప్పుడు, లారీ నంబరు కనిపించేలా ఫోన్‌లో ఫోటో తీయండి.
• డబ్బు వీలైనంతవరకు బ్యాంకు ఖాతాలోకే వేయించుకోండి.
• మోసం అని తెలిసిన వెంటనే ఫిర్యాదు చేయండి. 3 ఏళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలకు 3 ఏళ్లు దాటితే కోర్టు కేసు తీసుకోదు. బాకీకి సివిల్ దావా గడువు కూడా సాధారణంగా 3 ఏళ్లే.
• నష్టపోయినవారు అందరూ కలిసి వెళ్లండి. ఒక్కరైతే బాకీ తగాదాలా కనిపిస్తుంది, పదిమందైతే పథకం బయటపడుతుంది.
• అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చేయకండి. నకళ్లు ఇవ్వండి. పోలీసులు అసలు తీసుకుంటే రశీదు అడగండి.
• వకీలుకు స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఒక్కో కేసు ఒక్కో తీరుగా ఉంటుంది. ఈ వ్యాసం దారి చూపడానికే. మీ కాగితాలు చూసిన న్యాయవాది సలహా తీసుకునే అడుగు వేయండి. ఈ సీజన్‌లో సరుకు అమ్మే ముందు మాత్రం ఇంట్లో ఒక సంచి కేటాయించి, బిల్లులు, చీటీలు, ట్యాగులు అన్నీ అందులో వేయడం మొదలుపెట్టండి.